ఒకటీ పాయింట్ ఎనిమిది

కురుపాం మార్కెట్లో బంగారం తూచే బుల్లి కాటా కొని తెచ్చి
ఊపిరి బిగబట్టి ముల్లుని దానిమీద దించాను.
ఒకటీ పాయింట్ ఎనిమిది గ్రాములు.
షిప్‌యార్డులో ముప్పైనాలుగేళ్లు
ఏనుగుల్లాంటి ఇనప బ్లాకుల్ని మిల్లీమీటరుకి కూర్చోబెట్టిన చెయ్యి
దీని దగ్గర వణికింది.

అంతోనమ్మకి రేటు సగమే చెప్పాను.
ఆ సగానికే రెండ్రోజులు
పులుసులో ఉప్పెయ్యలేదు.

జ్ఞానాపురంలో ఇల్లు.
రాత్రి పదకొండూ ఇరవైకి ఖనిజం బండి పోర్టుకి పోతుంటే
ముందు గోడ మేకులకి తెలుస్తుంది.
గ్రానైట్ పలక వేశాను, దానికింద ఇసక,
ఇసక కింద మనవడి టెన్నిస్ బంతులు సగానికి కోసి
(వాడింకా నాతో మాట్లాడ్డం లేదు).
మట్టంలో బుడగ నడిమధ్యకొచ్చింది.
బండి మాత్రం వయొలిన్ కిందనుంచి పోతూనే ఉంది,
యాభై ఎనిమిది వ్యాగన్లూ.

బాగుందా అంటే ఏం చెప్పను?
పాత పెట్టెలో వయొలిన్ ఉండేది.
దీన్లో వయొలిన్ పట్టుకున్న మనిషున్నాడు.
జలుబు చేసినట్టుంది, కమాను ఎత్తేముందు ముక్కు ఎగబీలుస్తాడు.
మృదంగం ఎడమవైపు, రెండడుగులు వెనక.
తంబురాకి చాప వెయ్యడం మర్చిపోయినట్టున్నారు, ఎక్కడో నిలబడే ఉంది.
లోపలి చుట్లకొచ్చేసరికి పైస్థాయి కాస్త గీరుకుంటుంది,
ముల్లు కోణమో, నా చెవో.
ముసురు పట్టిన రోజు ఉప్పుగాలికి బెల్టు సాగి
హిందోళం వెంట్రుకవాసి కుంగుతుంది.
అదీ నాకొక్కడికే.

ఎల్లాజీ వచ్చాడు జాలరిపేట నుంచి, పలక మోసినవాడే.
పాట మీద ధ్యాస లేదు. పలక మీద అరచెయ్యి ఆన్చి
"బండొత్తంది గురూ" అన్నాడు.
స్పీకరూ నేనూ విన్నది ఆ తర్వాత.

అంతోనమ్మ చర్చి కోయిర్లో రెండో గొంతు.
నిన్న గిన్నెలు తోమి, తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ
గుమ్మంలో నిలబడి ఒక పక్కంతా వింది.
"ఆ టిక్కు ఎక్కడిది?"
రికార్డు మీద గీత. చుట్టుకోసారి పలుకుతుంది.
అట్ట వెనక పెన్నుతో "సులోచన" అని రాసి,
కిందేదో కొట్టేసి ఉంది.
స్టాప్‌వాచ్ పెట్టి చూశాను, టిక్కుకీ టిక్కుకీ మధ్య.
మళ్లీ అదే అంకె, ఈసారి సెకన్లు.
"తుడిస్తే పోదా?"
పోదు.
"అయితే ఉండనీ" అని స్టూలు లాక్కుని కూచుంది.

పదకొండూ ఇరవై అవుతోంది.
ఇద్దరం మేకుల వైపు చూశాం.