పిన్నుల పుస్తకం

కంచిలి టేసను రోడ్డులో
మోటార్లు చుట్టే షాపు నాది.
రాగితీగ, వార్నీషు, కాలిపోయిన వాటి వాసన.

తామాడ లోకనాథం జపాను నుంచి తెచ్చిన కుట్టుమిషను
మొదటిరోజే నా బల్ల మీదికొచ్చింది.
"ఇలా పెట్టేనన్నా, అలా బుస్సుమంది."
వంద వోల్టులు తాగేదానికి
రెండువందల ముప్ఫై పట్టించేవురా.

సన్నతీగ తీసుకుని, చుట్లు రెట్టింపు చేసి
నాలుగు రోజులు చుట్టాను.
నాలుగు రోజులూ వాడు గుమ్మంలోనే.
"ఏడు దేశాలు తిరిగేవు, ఏటి చూసేవురా?"
కాసేపు ఆలోచించి
"గోడలు" అన్నాడు.

సింగపూరు గోడకి మూడు పలక కన్నాలు.
కొరియా గోడకి రెండే, పందిముక్కులాగ.
జపాను గోడ నిద్దర మొహంది,
కళ్లు సగమే తెరుస్తాది.
"ఓడ పని దిగి గదికెల్లగానే
ముందు గోడకేసే సూస్తామన్నా.
ఫోను సచ్చిపోయుంటాది కదా."
ఎనిమిదిమందికి ఒక్క పిన్ను.
వరస తప్పినోడికి
ఆ రాత్రి ఇంటి మాట లేదు.

మిషను పట్టుకెళ్తూ బిస్కెట్ల డబ్బా ఒకటి పెట్టాడు.
విప్పితే పిన్నులు: మూడుకాళ్లవి, రెండుకాళ్లవి,
ఒకటి ఏ గోడదో వాడికే గుర్తు లేదు.
"నానింకెల్లను. ఎల్లినోలకి ఇయ్యి."

అప్పట్నుంచి ఒక పుస్తకం పెట్టాను.
దుక్క ఢిల్లేసు, మాణిక్యపురం, సౌదీ, పలకది ఒకటి.
బడే జానకిరావు, బొరివంక, కొరియా, గుండ్రటివి రెండు.
కర్రి హేమసుందర్, ఏ దేశమో ఏజెంటు ఇంకా చెప్పలేదు,
అన్నీ ఒక్కొక్కటి.

అద్దె లేదు. తిరిగొస్తాయి,
ఉప్పు పట్టి, టేపు చుట్టుకుని,
ఒకోసారి వేరేవాడి జేబులో.
హేమసుందర్ పక్కన దేశం గడి
ఉగాదెళ్లినా ఖాళీగానే ఉంది.

మొన్న సాయంత్రం
కొబ్బరితోటల మోటార్లన్నీ ఒక్కసారే వేశారు.
మీటరు ముల్లు నూటపదికి జారింది.
ట్యూబులైటు మిటకరించి మానేసింది.
చీకట్లో మిషను చంకనెట్టుకుని లోకనాథం:
"సూసేవా, మన గోడా సందేలకి జపానైపోతంది.
పాతతీగే ఉంచుంటే ఇప్పుడు కుట్టును కదా!
ఉంచేవా, ఆ తీగ?"

కిలో లెక్కన అమ్మేశానని చెప్పలేదు.
కొవ్వొత్తి వెతికాను.