నడుమ వదిలిన చోటు

తోర్షావన్ రేవు పక్కన, రెండో అంతస్తులో
రన్వా పడవల కంపెనీకి పేజీలు కడుతుంది.
ఒక్క మూసలో పోసినవి కావు.
మూసలో మూస, దానిలో ఇంకో మూస.

అన్నిటికన్నా బయటిదానికి
పైన నీలం పట్టీ, కింద ఆఫీసు ఫోను నంబరు,
మధ్యలో ఏమీ లేదు.
లేదని చెప్పడమే దాని పని:
ఇక్కడ లోపలివాళ్ళు కూర్చుంటారు, అని.
కూర్చున్నది దీవుల మూస.
అదీ ఓ పక్కన మ్యాపు పెట్టుకుని
తన నడుమ కొంత చోటు వదిలింది
ఇంకా పుట్టని పేజీ కోసం.

ఉల్లిపాయ అంటాడు ఎయ్‌దున్.
కాదంటుంది రన్వా. ఉల్లిపాయ ఒలిస్తే చివరికి కన్నీళ్ళే,
ఇక్కడ చివరి పొరలో పడవ కదిలే వేళ ఉంటుంది.

నవంబరులో ఓ మంగళవారం
గాలి చేపల పెట్టెల్ని ఎగరేసింది.
బయటి మూసలో, నీలం పట్టీ కింద
ఆమె ఒక్క వాక్యం రాసింది:
ఈరోజు పడవలు లేవు.
ఒక్కచోట రాస్తే నూట నలభై పేజీల్లో వెలగాలి.
వెలిగింది, తను చూసినంత మేర.
పోయిన గొడుగుల జాబితాలో,
గొర్రెకు టికెట్టెంత అన్న పేజీలో కూడా, ఎర్రగా.
కాఫీ కలుపుకుంది.

మూడున్నరకి ఫోను.
ఎనిమిది ఇళ్ళ దీవి నుంచి హానుస్.
"గంట నుంచి రేవులో నిలబడ్డాను.
నాలుగింటికి పడవని మీరేగా రాసింది?"

ఆ పేజీ తెరిచింది.
ఎర్ర వాక్యం లేదు.
ఆ చోట్లో ఎవరో
వేసవి పక్షుల బొమ్మ పెట్టారు,
పైనుంచి వచ్చేది రాకుండా
తలుపు గడియ వేసి మరీ.
ఎవరా అని వెతికితే
ఆరేళ్ళ కిందటి తేదీ, తన పేరే.
కొలువులో మొదటి వారం.
ఎంత ముద్దొచ్చాయో అప్పుడా పక్షులు.

తప్పు గోరంత.
పై మూసని పిలిచే మాట ఒకటి రాయలేదు.
పిలవకపోతే అది రాదు.
అలగదు, అరవదు,
పేరంటానికి పిలుపందని చుట్టంలా
గుమ్మం అవతలే ఉండిపోతుంది.

"ఇంటికెళ్ళండి హానుస్, తప్పు నాది."
అవతల కాసేపు గాలే మాట్లాడింది.
"గొర్రె కూడా తడిసింది" అన్నాడాయన.

పక్షుల్ని తీసెయ్యలేదు.
వాటి నెత్తిన ఆ ఒక్క మాట రాసి
మళ్ళీ తెరిచి చూసుకుంది.
తరవాత కుర్చీ ముందుకు జరుపుకుని
మిగతా నూట ముప్పై తొమ్మిదీ
ఒక్కొక్కటే తెరవడం మొదలుపెట్టింది,
ఇంకెక్కడెక్కడ గడియ వేసుకుందో తను.