ఊరి పేరు

వైజ్ స్ట్రీట్‌లో, పూత తొట్టి పక్కన నిలబెట్టి
క్లిఫర్డ్ నాకు నేర్పిన మొదటి మాట: బ్రమ్మజెమ్.
బర్మింగ్‌హామ్ పేరే నోళ్ళలో నాని, అరిగి
కాకిబంగారానికి తిట్టయిందట.
"నవ్వేవాళ్ళ కోట్లకీ మా బొత్తాలే" అన్నాడు.

నాకూ నవ్వొచ్చింది.
పెళ్ళిళ్ళలో మెడకేసి చూసి
"చిలకలపూడిదా?" అని గొంతు తగ్గించి అడుగుతారే,
ఆ చిలకలపూడే మాది.
అమ్మ వేళ్ళకంటిన పూత వాసన
పెరుగన్నంలో కూడా తెలిసేది.

నిన్నొక ముసలావిడ ఉంగరం తెచ్చింది,
కోడలు వెల కట్టించమందని.
గీటురాయి దాకా పోనక్కర్లేదు.
లోపలివైపు ఇత్తడి తేలింది,
వేలి చుట్టూ సన్నటి పచ్చ గీత.

క్లిఫర్డ్ భూతద్దం దించకుండా
చూస్తూనే ఉన్నాడు, చూడ్డానికేం లేకపోయినా.
"బ్రమ్మజెమే కదా" అందావిడే.
"పెళ్ళైన వారానికే తెలుసు.
నాకు తెలీదనే అనుకున్నాడు, పాపం,
పోయేదాకా."

మళ్ళీ పూత వేయమంటారా అన్నాను.
వద్దంది.
సరిగ్గా పచ్చ గీత మీదికే తోసుకుని
పైన ఉన్ని తొడుగు వేసుకుని
వానలోకి వెళ్ళిపోయింది.

చిట్టాలో లోహం అన్న గడి ఖాళీగా ఉంది.
ఊరి పేరు రాశాను.