రెండు ఏటవాలు గీతల వెనక

గుణుపూరు విత్తనాల సొసైటీలో
నిరుడు ఖరీఫ్ దాకా పద్ధతి ఇదీ:
"పంపు" నొక్కితే తెర మొత్తం తెల్లబోయేది.
కొత్తగా సున్నం కొట్టిన గోడలా, కాసేపు
ఎవరి పేరూ లేదు, ఊరూ లేదు, ఎకరాలూ లేవు.
ఆ తెలుపులో ఉండగా కరెంటు పోతే
మళ్లీ మొదటి గడి నుంచి.
వరసలో ఉన్నవాళ్లు నా వేళ్ల వంక చూసేవారు,
తప్పు వేళ్లదే అన్నట్టు.

ఒక సాయంత్రం బొడ్డేపల్లి గుంపస్వామి
ఆగలేక నాలుగుసార్లు నొక్కాడు.
నాలుగు బస్తాల వేరుశనగ విత్తనం
ఆయన పేరు మీద అప్పు పడింది.
మూడు బస్తాలు కొట్టెయ్యడానికి
మూడు నెలలు, రెండు అర్జీలు, ఒక పోట్లాట.

అప్పుడు తెచ్చుకున్నాను లైబ్రరీని.
"ఏ వీధిలో ఉందే?" అన్నాడు నాన్న.
వీధిలో కాదు నాన్నా, ఒక్క ఫైలు. ఎనభై ఏడు కేబీలు.
మొహం తెలీని వాళ్లెవరో ముందే పడ్డ పాట్లు,
మడతపెట్టి ఇచ్చినవి.
టవరు మీద నమ్మకం లేక పెన్‌డ్రైవులో మోసుకొచ్చి
సొసైటీ మిషన్లోనే దింపాను.

మొదటి వాక్యం ఆపడం గురించి.
నీ అలవాటు చొప్పున పోకు, అని ఫారానికి చెప్పాలి.
తర్వాత గడులన్నీ ఒక్క తాడుకి గుచ్చి
పేరు, గ్రామం, చోళ్లు ఎన్ని కిలోలు,
చప్పుడు లేకుండా పెరటి తలుపు గుండా పంపాలి.
తెర కదలదు.
నౌపడ వెళ్లిన బండి తిరిగొచ్చేదాకా
మా స్టేషన్లో ఎవరూ ఊపిరి బిగబట్టి నిలబడరు కదా.
టీ మరుగుతుంది. మేకలు పట్టాలు దాటతాయి.
అంతే విషయం. ఇంత చిన్న విషయానికి
పదకొండు రాత్రులు పట్టింది.

కష్టం ఎక్కడంటే,
జవాబొస్తే ఏం చెప్పాలో, రాకపోతే ఏం చెప్పాలో
రెండూ ముందే రాసి పెట్టుకోవాలి,
ఇంకా ఎవరూ ఏదీ అడగకముందే.
"అందింది" రాయడం తేలిక.
రెండోదానికి లైబ్రరీ నా చేతిలో పెట్టేది ఒక సున్నా.
పుట్టాసింగి నుంచి నడిచొచ్చిన మనిషికి
సున్నాని ఎలా చూపించను?

ఫారం ఒడియాలో. కోడు ఇంగ్లీషులో.
రెండు ఏటవాలు గీతలు గీసి, వాటి వెనక
నాకోసం తెలుగులో రాసుకుంటాను.
అక్కడ ఏముందో మిషన్ చదవదు, దాటిపోతుంది.
ఈ జిల్లాలో మా ఇంటి మాటకి
అలవాటైన చోటే అది.
అక్కడే రాశాను, ఎవరికీ అడ్డం కాకుండా:
// ఎదురుగా సవర ఇందామి కూర్చుంది అనుకో

సంత రోజు నిజంగానే వచ్చి కూర్చుంది.
నొక్కింది. బొత్తాం బూడిద రంగుకి తిరిగింది,
ఇక రెండోసారి నొక్కినా పలకదు,
అంతా గుంపస్వామి పుణ్యం.
చిన్న చక్రం తిరుగుతోంది. ఆవిడ సంచిలోంచి
చింతపండు ముద్ద తీసి బల్ల మీద పెట్టి
కిలో ఎంతకి పోతుందంటావ్ అని అడిగింది.
నూట ఇరవై అన్నాను. నవ్వింది.
చక్రం ఆగింది. ఎర్రక్షరాలు.

చదివి చెప్పమంది. నేను ఒడియాలో చదివాను,
మనవరాలు దాన్ని సవరలోకి తిప్పింది:
పోలేదు. మీరు రాసింది ఇక్కడే ఉంది.
ఇందామి వంగి, తెరకి ముక్కు తగిలేంత దగ్గరగా చూసింది.
తన పేరు. పన్నెండు కిలోల చోళ్లు. ఒక్క గడీ చెదరలేదు.
"ఉంటే సరే" అని
చింతపండు ఎత్తుకుని సంతలోకి వెళ్లిపోయింది.

కోడులో ఆఖరి ముక్క ఒకటుంది,
అందినా అందకపోయినా నడిచేది:
చక్రాన్ని ఆపు. వాళ్ల బొత్తాం వాళ్లకి తిరిగిచ్చెయ్.
దాని పక్కన గీతలు గీశాను గానీ
వెనక ఏమీ రాయలేదింకా.