రెండు నూళ్ళ తేడా

పుదుపేటలో ఒకటికి నాలుగుసార్లు
షాఫ్టు చేత్తో తిప్పి, చెవి ఆనించి విని
బేరమాడి తెచ్చాం ఈ ఆరు గేర్ల పెట్టెని.
ఏ లారీ కడుపులోంచి తీశారో,
వీపు మీద ఇంకా ఎవరిదో సుద్దరాత:
"మూడో గేరు కాస్త మూలుగుతుంది."

మాధవరంలో, రేకుల కింద,
మస్తానయ్య వెల్లకిలా పడుకుని
జాకీని నా చేత వేలెడు వేలెడు లేపిస్తాడు.
పన్నెండు బోల్టుల్లో తొమ్మిది కలిశాయి.
మిగతా మూడూ గోడ తగాదా ఉన్న ఇరుగుపొరుగులా
చూస్తాయిగాని పలకవు.

"రెండు దెబ్బలు వెయ్యి" అన్నాడు డ్రైవరు ఇళంగో, అరవంలో.
"కొడితే దిగేది మేకు" అన్నాడు మస్తానయ్య, తెలుగులో.
ఆ తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

దింపాం.
షాఫ్టు కొనకి గ్రీజు పూసి మళ్ళీ ఎక్కించాం.
మళ్ళీ దింపితే
కొన మీద గ్రీజు నలిగిపోయి ఉంది.
అడుగు తగులుతోంది.
రెండు నూళ్ళు. అంతే.
పదహారు టన్నులు మోసే బండి
రెండు నూళ్ళ దగ్గర మొరాయించింది.

లేతు దేవసహాయం
రెండు నూళ్ళ మందం ఇనప పలక కోశాడు,
మూడు బోల్టులకీ కొత్త కన్నాలు తొలిచాడు.
షాఫ్టు ముక్కు సన్నం, ఇంజను గుంట వెడల్పు,
మధ్యలోకి ఇత్తడి బుష్షు.
దాన్ని ఊదుకుంటూ తెచ్చి నా అరచేతిలో పెట్టాడు,
అప్పుడే పెనం దిగిన పణియారంలా.

క్లచ్ ప్లేటు పళ్ళు కుదరలేదు. అది వేరే రోజు, వేరే తిట్లు.
వెనక జానెడు కోసి అతికిన ప్రొపెల్లరు షాఫ్టు
బ్యాలన్సుకి రెండుసార్లు తిరిగొచ్చింది.

అన్నీ కూర్చున్నాక చూస్తే
గేరు కర్ర పాతచోట లేదు!
జానెడు వెనక్కి, క్లీనరు మోకాలి పక్కన
ఫ్లోరు కోసుకుని పైకొచ్చింది.
పాత కన్నానికి నూనె డబ్బా రేకు రివిట్లు కొట్టాను,
నా చేత్తో, నేనే.

నెల తర్వాత నూనె మార్పించడానికి వచ్చాడు ఇళంగో.
మూడో గేరు మూలగట్లేదట.
చెయ్యే మాట వినట్లేదట.
ఇరవైరెండేళ్ళ చెయ్యి.
అందుకని పాతచోట, నా రేకు మీద,
నీళ్ళసీసా కట్టుకున్నాడు.
రెడ్‌హిల్స్ మలుపు రాగానే
ముందు సీసా మెడ పట్టుకుంటాడు,
ఓ గుక్క తాగుతాడు,
అప్పుడు గేరు మారుస్తాడు.