కొట్టివేత

మంచి కాగితం ఎవర్నీ అడగలేదు ఆయన.
నీలం ఏరోగ్రామ్ మీద, ముక్కు వంగిన పాళీతోని
సముద్రాల అవతలి రచయితలకు రాసేటోడు:
"అయ్యా, అమ్మా, మీరు పారేయబోయే పేజీ ఒకటి పంపుండ్రి.
అచ్చయినవి ఆలస్యంగనన్నా మా నల్లగొండకు వస్తయి.
కొట్టేసినవే రావు."

పున్న వీరేశం సారు, సర్కారు కాలేజీల ఇంగ్లీషు.
ప్రకాశం బజారుల నా బైండింగు దుకాణానికి
ఒక్కొక్కటే అంగీలోపల దాసుకొని తెచ్చేటోడు.
మైదాపిండిల మైలుతుత్తం కలిపి
చినిగిన అంచులు అతికిచ్చేటోణ్ణి నేను.
నాకు ఇంగ్లీషు రాదు. కాగితం వస్తది.
ఇది పత్తిది సార్, ఇది గడ్డిది,
ఈయన తాగుకుంట రాసిండు, గ్లాసు గుండ్రం చూడు,
ఈమెది ఎడమచెయ్యి, సిరాను వెంట ఈడ్చుకపోయింది.

కొట్టేసిన మాట చదివే కిటుకు నేనే నేర్పిన:
తిరగేసి బల్బుకు అడ్డం పట్టు.
రాసిన గీత లోతుకు దిగుతది,
కొట్టిన గీత పైపైన పోతది.
రాసేటప్పుడు నొక్కినంత
కొట్టేసేటప్పుడు ఎవరూ నొక్కరు.

ముప్ఫై ఏండ్లకు ఇరవై మూడు పేజీలు.
ఎక్కువమంది జవాబే ఇయ్యలేదు.
ఒకాయన చాకలి పద్దు పంపిండు, దానికీ అట్ట వేసినం.
హ్యారియట్ డోల్ అనే ఆమె మాత్రం ఏటా ఒకటి.
మక్కచేన్ల దేశమంట ఆమెది.
ఒకసారి అడిగిందట: మీ ఊరి నీళ్ల రుచి ఎట్లుంటది?
సారు నవ్విండు. మర్రిగూడ మనిషి,
పండ్ల మీది గోధుమ చారలు నీళ్లు రాసిన రాతే.
ఏం జవాబు రాసిండో చెప్పలేదు.
మూడు దినాలు దుకాణం దిక్కు రాలేదు.

మొన్న, వాన మొకం చాటేసిన ఆషాఢంల
ఏదో యూనివర్సిటీ నుంచి దళసరి కవరు.
డోల్ అమ్మ పోయి శానా ఏండ్లాయెనట.
ఆమె కాగితాలన్నీ వాళ్లు కొన్నరట.
పెట్టె నలభై ఒకటి, ఫైలు ఏడు:
"వివరాలు తెలియని వ్యక్తి. పి. వీరేశం. మాల్‌గౌడా, ఇండియా."
అది మీరేనా?

సారు స్టూలు మీద కూలబడి పొట్ట పట్టుకొని నవ్విండు.
"చూసినవా, నన్నుగూడ ఎవరో ఏరుకున్నరు.
తప్పు ఊరిపేరుతోని."

తొమ్మిది ఉత్తరాలు, అన్నీ జిరాక్సులు.
నీళ్లది నాలుగోది.
నా కోసం తెలుగు చేసుకుంట చదివిండు:
"మా నీళ్లు తియ్యగనే ఉంటయి, అదే మోసం.
బాయికాడ కాళ్లు వంకరవోయిన పిల్లలు
బిందెలు పట్టుకొని లైను కడతరు.
మా చెల్లె అండాలు..."
ఆడ ఆగిండు.
అటెనుక రెండు వరుసలు, అడ్డంగ గీకి ఉన్నయి.
ఆయన చెయ్యే. ముప్ఫై నాలుగేండ్ల కిందటి చెయ్యి.

"ఏం రాసిన్నో యాదికి లేదు."

కాగితం తిరగేసి బల్బుకు అడ్డం పట్టిండు.
నేనేం అనలేదు.
వెనక తెల్లగ, నున్నగ, మిషన్ల నుంచి వచ్చిన నునుపు.
అయినా వేలితోని తడిమిండు, నొక్కు దొరుకుతదేమోనని.

ఏరోగ్రాములు ఇప్పుడు ఏడ దొరుకుతయి.
నా పద్దుల బుక్కులకెల్లి ఒక తెల్లకాగితం చింపి ఇచ్చిన.
ముందుగాల ఊరిపేరు సరిచేసిండు, పెద్ద పెద్ద అక్షరాలతోని.
ఇగ రాసుడు మొదలుపెట్టిండు, గట్టిగ నొక్కి:
"అయ్యా, మీ పెట్టెలున్న అసలు కాగితాన్ని
ఎవర్నన్నా ఒక్కసారి దీపం ముంగట పట్టుమనుండ్రి.
తిరగేసి."