పౌండున్నర దయ్యాలు

మేకు కొట్టరాదు, రంగు మార్చరాదు,
అద్దె కాగితంలో పదకొండో షరతు.
కాబట్టి మా దయ్యాలన్నీ
జిగురుముద్ద మీదే నిలబడాలి.
అదొకటి, నల్లరంగు బుడ్డి ఒకటి,
రెండూ కలిపి పౌండున్నర.

మిగతాదంతా ఇంట్లోదే.
కార్న్‌ఫ్లేక్స్ అట్టలు నెల్లాళ్ళుగా దాచింది ఇందుజ,
డబ్బా తొందరగా ఖాళీ అవ్వాలని
రోజూ రెండు గిన్నెలు తిని మరీ.
అట్ట మడిచి సగం గబ్బిలం కత్తిరిస్తే
విప్పేసరికి రెండో రెక్క దానంతటదే వస్తుంది.
మొదటిది కాకిలా వచ్చింది. రెండోది మా పెద్దాడపడుచులా.
మూడోదానికి గాని చెవులు కుదరలేదు.
కోడిపుంజు బొమ్మ గోడవైపు తిప్పి అంటించాం.
గబ్బిలం వెనకాల పుంజుందని ఎవరికి తెలుస్తుంది?

చెత్తసంచి చీల్చి గోడకి పరిచి
సాలెగూడు గీయమంది.
నొక్కినా రాని టూత్‌పేస్టు గొట్టం కోసి
వేలు ముంచానో లేదో
నా చెయ్యి ఊరుకోదు కదా, చుక్కలు పెట్టేసింది,
ఏడు, అయిదు, మూడు.
"సాలీడు చుక్కలు పెట్టదమ్మా."
నిజమే. దాని లెక్క దాని కడుపులోనే ఉంటుంది.
తుడిచేశాను. ఒక్క చుక్క మిగిలిపోతే
ఎనిమిది కాళ్ళు తగిలించాం.

ఇక కిటికీ పక్క మూల.
అక్కడ తేమ మచ్చ.
వేసవిలో రూపాయంత, ఇప్పుడు పళ్ళెమంత.
బ్లీచ్ పోసి తోమాను. బీరువా జరిపాను.
ఇంటాయన హార్గ్రీవ్‌కి ఫోన్ చేస్తే
"రేపు వస్తా" అంటాడు.
సెప్టెంబరు నుంచీ రేపే.

చిన్నప్పుడు తణుకులో మా వీధి వీధంతా
తలుపుల మీద బొగ్గుతో రాసుకున్నాం, రేపు రా అని.
రాత్రిళ్ళు తిరిగే దయ్యం అది చదివి
బుద్ధిగా వెనక్కి పోయేదట,
మర్నాడొచ్చి మళ్ళీ చదివేదట.
అంత చదువుకున్న దయ్యం
రేపంటే ఎప్పుడని ఒక్కసారీ అడగలేదేమని
దుప్పట్లో నవ్వుకునేదాన్ని.
ఇప్పుడు ఆ గడప ముందు నిలబడి
చదువుకుంటున్నది నేనే.

మచ్చ మీద పెద్ద చందమామని అంటిద్దామన్నాను.
ఇందుజ రెండడుగులు వెనక్కేసి, ఒక కన్ను మూసి చూసి
"కప్పకు. ఇది ముందే వచ్చేసింది.
కళ్ళు పెడితే చాలు" అంది.
గుడ్ల అట్టలోంచి రెండు గుంటలు కోసి
తెల్లకాగితం అతికి పెట్టాం.
అంతే,
ఇల్లు మమ్మల్ని చూసింది.

ముప్పై ఒకటి రాత్రి
హార్ట్‌లీపూల్ మీద సముద్రం ఈడ్చి కొడుతున్న వాన.
దుప్పట్లు కప్పుకున్న దయ్యాలు ముద్దగా తడిసి
తుమ్ముకుంటూ తలుపు తట్టాయి.
పక్కింటి బెరిల్ మామ్మ మనవడు కాలమ్
మా గబ్బిలాల్ని వేలితో లెక్కపెట్టాడు, పదమూడు.
మూల దాకా వచ్చి ఆగిపోయాడు.
చాక్లెట్లు గుప్పెడు తీసుకోమంటే
ఒక్కటే తీసుకుని వెనక్కి చూడకుండా పోయాడు.

నవంబరులో వచ్చాడు హార్గ్రీవ్,
అద్దె పెంచే కాగితం పట్టుకుని.
"భలే ఉందే, ఎవరు వేశారు?"
"మీ పైపు" అన్నాను.
గోడకి వేలు ఆనించి
తడిసిన వేలు కోటుకి తుడుచుకుని
కాసేపు ఆ కళ్ళలోకి చూశాడు.
"రేపు మనిషిని పంపిస్తా."

గబ్బిలాల్ని పీకి రీసైక్లింగ్ డబ్బాలో వేశాం,
వెల్లకిలా పడి పుంజులు బయటపడ్డాయి.
ఆ కళ్ళు మాత్రం తీయనివ్వలేదు పిల్ల.

ఈ పొద్దున చూస్తే
దయ్యానికి ఎడమ చెయ్యి మొలుస్తోంది.
ఇందుజ స్కేలు పెట్టి కొలిచి, పుస్తకంలో రాసుకుని,
వేళ్ళకి అట్ట సరిపోతుందో లేదో
కార్న్‌ఫ్లేక్స్ డబ్బా
చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూస్తోంది.